గుండ్రటి ఖాళీ మీద సీతాకోకచిలుక

మహిత ఆ సీతాకోకచిలుకను ఇంకాస్త పెద్దది చేసింది. ఊదారంగుది. రెక్కల అంచున నల్లచుక్కలు, ఎక్కడా పొడి రాలలేదు, ఒక్క రెక్కా చిరగలేదు, డెబ్భై మూడేళ్ళలో అంత శుభ్రమైన సీతాకోకచిలుకను నేను చూడలేదు, కార్వేటినగరం చుట్టుపక్కల అలాంటిది పుట్టదు, పుట్టినా వచ్చి మా ఇంటి ఫోటో మీద వాలదు. ఇది వాలింది. సరిగ్గా మా చెల్లెలు నాగరత్న మొహం ఉండవలసిన చోట వాలి, రెండు రెక్కలూ పరిచి, నేనెవరికీ ఏమీ చెప్పనులే అన్నట్టు కూర్చుంది. గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికి ఈ ఆల్బమ్ అచ్చుకు వెళ్ళిపోవాలట, శనివారం చేతికి వస్తుందట, ఆదివారం మా అన్న జయరామ్ ఎనభయ్యో ఏటి పండగలో వచ్చిన వాళ్ళందరి చేతుల్లోనూ తిరుగుతుందట. వచ్చేవాళ్ళలో నాగరత్న కూడా ఉంది. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత అన్న గడప తొక్కబోతోంది. ఆల్బమ్ తెరుస్తుంది, నాలుగో పేజీకి వస్తుంది, తన మొహం చోట పురుగును చూస్తుంది, దీని కింద ఏముంది అని అడుగుతుంది. అడక్కుండా ఉండదు. చిన్నప్పటి నుంచీ అంతే, మూత ఉన్న గిన్నె కనిపిస్తే తీసి చూడాల్సిందే.

"బాగుండాదా అవ్వా?" అంది మహిత, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే.

"బాగుండాది" అన్నాను. ఏం బాగు. మహిత అన్న మనవరాలు, తిరుపతిలో ఈ ఇంటి మేడ మీద గదిలో కూర్చుని పుట్టినరోజులకూ ఓణీ ఫంక్షన్లకూ ఇలాంటి ఆల్బములు చేసిపెట్టడం దాని పని. స్క్రాప్‌బుక్ అంటుంది. జిగురు లేదు, కత్తెర లేదు, కాగితం ముక్క లేదు, కానీ అతికించిన పుస్తకమట. తెర పక్కన సంతలో పోగులు పెట్టినట్టు బొమ్మలు పేర్చి ఉంటాయి, క్లిప్ ఆర్ట్ అంటుంది వాటిని, ఎవరో ఎక్కడో గీసి పడేసినవి, ఒకదాన్ని లాగి వదిలితే వచ్చి మన మనుషుల మధ్య కూర్చుంటుంది. పొద్దుటి నుంచి చూస్తున్నాను. అన్న పెళ్ళి పేజీలో ఎర్రటి ఆకులు రాలుతున్నాయి, అయిదు వేళ్ళ ఆకులు, అవి ఏ చెట్టువో దానికీ తెలియదు. మా నాయన సేద్యం పేజీలో నల్లమచ్చల ఆవు, దాని పొదుగు బిందెడుంది, మా పుంగనూరు ఆవు దాని కడుపు కింద నుంచి తల వంచకుండా నడిచిపోతుంది. నా ఫోటో పక్కన ముడి వేసుకున్న తెల్లజుట్టు ముసలమ్మ ఊగే కుర్చీలో కూర్చుని ఉన్ని అల్లుతోంది. "అది నువ్వేలే అవ్వా, ఎంత ముద్దుగుండాదో సూడు" అంది. నేను జన్మలో ఊగే కుర్చీ ఎక్కలేదు. ఈ ఎండల్లో ఉన్ని తొడుక్కునే వాడెవడో చూపిస్తే అల్లుతాను. ఆ ముసలమ్మ నవ్వుతోంది, బుగ్గల మీద రెండు గులాబీ చుక్కలతో, ఎవరినీ ఏనాడూ ఏమీ చేయనిదానిలా నవ్వుతోంది, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

అన్నిటికన్నా ఒళ్ళు మండించేది ఆ చిరుగులు. చిరగని ఫోటోకు చిరిగిన అంచు తగిలిస్తుంది. అతికించనిచోట అతికించినట్టు టేపు ముక్క వేస్తుంది, గుచ్చని గుండుసూదికి నీడ కూడా వేస్తుంది, ఎవరూ తాగని కాఫీ గ్లాసు మరక ఒక మూల గుండ్రంగా పెడుతుంది. పాతగా కనపడాలట. ఇంటింటా చిరిగినవి ఉన్నాయే, మరకలు ఉన్నాయే, వాటిని మాత్రం తుడిచేస్తుంది, తుడిచి కొత్త చిరుగులు తెచ్చి పెడుతుంది. నిజం చిరుగు ఒక్కటే ఒక్కటి ఈ ఆల్బమ్‌లో ఉంది, దాని మీద పురుగును కూర్చోబెట్టింది. నేను దీవించాలి ఈ పిల్లను. నా తప్పు నేను అడక్కుండానే కప్పింది. మరి ఎందుకింత కోపం వస్తోంది.

ఆ ఫోటో నా పెళ్ళికి వారం ముందు తీయించింది. కార్వేటినగరంలో పాత బంగళాకు పోయే దారిలో స్టూడియో, పచ్చతలుపు, లోపల నల్లగుడ్డ వాసన. అన్న, నేను, నాగరత్న. నాకు ఇరవై రెండు, దానికి పద్దెనిమిది. ఫోటో తీసే ఆయన మమ్మల్ని లెక్కపెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ముగ్గుర్ని తీయనన్నాడు. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరు దూరమైపోతారని అప్పట్లో అందరికీ భయమే, ఇప్పటికీ ఉంది, నిన్న కూడా మహిత వాళ్ళమ్మ ముగ్గురు ఆడవాళ్ళ ఫోటోలోకి పనిమనిషిని పిలిచి నిలబెట్టింది. నాలుగో మనిషి కోసం నాయన వీధిలోకి పోయి చూశాడు, ఎండకు ఎవరూ లేరు. అప్పుడు అమ్మ సంచిలోంచి మరపాచి బొమ్మను తీసింది, నా సారెలో పెట్టడానికి తిరుపతిలో కొన్న ఎర్రచందనపు చెక్క బొమ్మల జతలో ఒకటి. దాన్ని నాగరత్న చేతికిచ్చి, ఇదో నలుగురు అంది. ఆయన ఒప్పుకున్నాడు. చెక్కబొమ్మను మనిషి కింద లెక్కగట్టి మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎవరిని మోసం చేశామనుకున్నామో.

నాగరత్న బొమ్మను రొమ్ముకు ఆనించి పట్టుకుంది. తెర మీద ఇప్పుడూ కనిపిస్తోంది, జడ భుజం మీద నుంచి ముందుకు పడి ఉంది, బొమ్మ తల ఉంది, దాని పైన ఊదారంగు రెక్కలు. నాకు చదువు దానివల్లే అంటుకుంది. నన్ను బడికి పంపలేదు, దాన్ని పంపారు, అది పలక మీద దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని తలకిందులుగా నేర్చుకున్నాను, అక్షరాల దాకా. మిగతాది బెల్లం చుట్టిన కాగితాలూ గోడల మీది రాతలూ బస్సుల పేర్లూ నేర్పాయి, తర్వాత పుస్తకాలు. మందుచీటీల మీద కూడబలుక్కున్న ఇంగ్లీషుతోనే ఇప్పుడు ఈ తెర పక్కన వరసగా ఉన్న పేర్లు చదువుతున్నాను. అవి పొరలట. మహిత మొన్న చెప్పింది. అన్నిటికన్నా కింద ఫోటో, దాని మీద టేపు, దాని మీద ఆకులు, దాని మీద బటర్‌ఫ్లై ఏడు. ప్రతి పేరు పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. ఆ కన్ను నొక్కితే ఆ పొర మాయమై కింది పొర కనిపిస్తుంది. ఎంత సులువు. మొన్నటి నుంచి నాకు ఆ కన్ను తప్ప మరొకటి కనిపించడం లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అన్న. మోకాళ్ళు పట్టుకుని ఎక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"యాడికొచ్చింది మే పుస్తకం?"

"అయిపొయ్యింది తాతా. అవ్వ సరే అంటే పంపేస్తా."

అన్న తెర దగ్గరికి వంగాడు. "ఓహో, చెద తిన్న కాడ దీన్ని పెట్టినావా! పురుగు తిన్న తావున పురుగునే పెట్టినావు, సరిపాయ." దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "రత్నమ్మ మళ్ళా ఫోన్ చేసింది వరదా. ఆ ఫోటో ఉండాదా అన్నా అని మళ్ళా అడుగుతాది. మనం ముగ్గురమూ ఒక తావున ఉండేది అదొకటే గదా అంటాది. నేనేం జెప్పేది, ఉండాదిలే రా అని చెప్పినాను" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

"నీకేం, మొగం అట్ల పెట్టినావు? కాఫీ తాగలేదా?"

తాగాను అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి మెట్లు దిగాడు. చెద అంటాడు. అప్పుడు ఆయనకు కుప్పంలో ఉద్యోగం, పండక్కి ఇంటికి వచ్చేసరికి ఫోటోకు బొక్క ఉంది, అమ్మ చెద అని చెప్పింది, నలభై ఎనిమిదేళ్ళుగా అదే అంటున్నాడు. చెద గీత గీసినట్టు గుండ్రంగా తింటుందా. ఒక్క మొహం దగ్గరే ఆకలి తీరిపోతుందా దానికి. తెలిసే అంటున్నాడేమో. తెలిసే నా ముందు అంటున్నాడేమో.

మూడుంబావు. ఫ్యాను తిరుగుతోంది. మహిత ఆకుల్ని ఒక్కొక్కటే ఇటూ అటూ జరుపుతోంది. నాకు పుత్తూరు వాసన వస్తోంది, పచ్చాకు పసరు, కోడిగుడ్ల సొన, కట్లు కట్టించుకునే జనం చెమట. నా పెళ్ళయిన మూడేళ్ళకు అమ్మ చెయ్యి విరిగిందని చిత్తూరులో అత్తగారింటి నుంచి నన్ను పిలిపించారు. వారానికొకసారి కట్టు మార్పించాలి. అమ్మను నేనూ నాగరత్నా పుత్తూరుకు తీసుకుపోయేవాళ్ళం, నాగరత్న మీద ఒక కన్నేసి ఉంచమని నాయన నాకు విడిగా చెప్పాడు. ఆ కన్ను నేను పొట్లం కాగితాల మీద వేశాను. శనగకాయలు తిని కాగితం మడత విప్పితే సగం కథ ఉండేది, మిగతా సగం ఏ పొట్లంలో పోయిందో అనుకుంటూ కూర్చునేదాన్ని. పక్కనే, తండ్రి కాలు విరిగితే తీసుకొచ్చిన ఇమ్మానుయేల్, మిషన్ బడిలో అయ్యవారు, మాకు నీడ చూసి చోటు ఇచ్చేవాడు, అమ్మకు నీళ్ళు తెచ్చేవాడు, నేను మంచివాడు అనుకుని కాగితంలోకి తల దించేదాన్ని. ఎనిమిదో వారం బస్టాండులో నాగరత్న లేచి, "అమ్మకు దప్పిగ్గా ఉండాది, సోడా తెస్తా అక్కా" అంది. తల ఎత్తకుండానే తలూపాను. సగం కథ చదవడం అయిపోయింది, మా ఊరి బస్సు వచ్చింది, పోయింది, ఇంకోటి వచ్చింది. సోడా రాలేదు.

ఇమ్మానుయేల్‌తో పోతున్నానని అమ్మకు చెప్పకపోవడం సరే, నాయనకు చెప్పకపోవడం సరే. నాకు చెప్పలేదు. నా పక్కన పడుకున్నది, నా దుప్పటి లాక్కున్నది, ఆ పొద్దున నాకే జడ వేయమని కూర్చున్నది, నాకు ఒక్క మాట చెప్పలేదు. నాయన ఇంటిల్లిపాదికీ తలకు పోయించాడు, మనిషి పోయినట్టు. దాని పుస్తకాలు పొయ్యిలోకి పోయాయి. గోడ మీది ఫోటో కూడా తీసి పొయ్యి దగ్గరికి నడిచాడు. నేను అడ్డం పోయాను. "అన్నా నేనూ ఉండాము నాయనా దాంట్లో, బతికుండే వాళ్ళను కాలుస్తారా" అన్నాను. "అయితే దాని మొగం లేకుండా చేసి పెట్టు" అన్నాడు. గీకెయ్యమన్నాడంతే. గోటితో గీకితే పోయేది, బొగ్గు పూసినా పోయేది. తిలకం సీసా మూత తెచ్చి దాని మొహం మీద బోర్లించి, నాయన గడ్డం గీసుకునే బ్లేడుతో చుట్టూ తిప్పింది నేను. ఎవరూ నా చెయ్యి పట్టి తిప్పించలేదు. బ్లేడు ఎంత మెత్తగా తిరిగిందో ఇప్పటికీ వేళ్ళకు గుర్తుంది. ఫోటోను కాపాడానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం కాదు, కానీ ఆ మూత చుట్టూ తిరుగుతున్నంతసేపూ నా నోట్లో ఉన్న మాట మాత్రం, సోడా తెస్తావా, తే, అన్నది.

గుండ్రటి ముక్కను పొయ్యిలో వేశానని నాయనకు చెప్పాను. వేసింది పొట్లం కాగితం. మొహం రవికలో ఉంది. చిత్తూరుకు నాతో వచ్చింది, ఒక పుస్తకం అట్ట కింద కొన్నేళ్ళు, కుంకుమ డబ్బాలో కొన్నేళ్ళు, ఇప్పుడు కళ్ళజోడు పెట్టె అడుగున ఉన్న మెత్తటి గుడ్డ కింద. తీసి చూసినప్పుడల్లా కోపమే వచ్చింది. అది కెమెరా వైపు చూడలేదు. కళ్ళు పక్కకు తిప్పి ఉన్నాయి. స్టూడియోలో ఆ పక్కన పచ్చతలుపు ఉండేది. అప్పుడే, మూడేళ్ళ ముందే, తలుపు వంక చూస్తోంది ఎప్పుడు పోదామా అని, అనుకునేదాన్ని. అత్తగారు నీ చెల్లెలు లేచిపోయిన మనిషి అని దెప్పినప్పుడల్లా లోపలికి పోయి ఆ కళ్ళను చూసి కోపం నింపుకుని వచ్చేదాన్ని.

అలిపిరికి పోయే దారిలో ఆసుపత్రి. అమ్మ ఆఖరి రోజులు, ఇరవై ఏళ్ళ కిందట. నాగరత్న వరండా చివర నిలబడి ఉంది, ఇమ్మానుయేల్ వాళ్ళ పద్ధతిలో ముక్కుపుడక తీసేసిన ముక్కు, చేతిలో రెండు లేత కొబ్బరి బోండాలు. ఎవరు చెప్పారో. గది గుమ్మానికి అడ్డంగా నేను నిలబడ్డాను. "అమ్మ నిద్రపోతా ఉండాది. మళ్ళా రాపో" అన్నాను. అమ్మ నిద్రపోవడం లేదు. లోపలి నుంచి ఎవరే అది అంటోంది. ఆ మాట నాకు వినిపించింది, దానికీ వినిపించింది. బోండాలు గోడవారన పెట్టి దిగిపోయింది. సాయంత్రం కిటికీలోంచి చూస్తే ఎదురుగా బస్సుల దగ్గర నిలబడే ఉంది, కొండకు పోయే బస్సులన్నీ వస్తున్నాయి, పోతున్నాయి, ఏదీ ఎక్కడం లేదు. మళ్ళీ రమ్మన్నాను కదా, రావడానికి నిలబడింది. నేను కిటికీ రెక్క మూశాను. తెల్లవారి అమ్మ పోయింది.

"అవ్వా, మూడుముక్కాలైంది. పంపేస్తా ఉండా."

పంపేయమంటే అయిపోతుంది. చెద తిన్నది, పిల్ల పురుగు బొమ్మ పెట్టింది, అన్న నవ్వాడు. నాగరత్న కూడా నవ్వుతుందేమో. నవ్వదు. రెక్కల మీద వేలు పెట్టి గోకి చూస్తుంది. ఎనభై ఏళ్ళ అన్న ముందు, ఊరంతటి ముందు, తల ఎత్తి నా వైపు చూస్తుంది. లేకపోతే ఈ పేజీయే తీసెయ్యమనొచ్చు, ఏం పోయింది, ఆకులు బోలెడున్నాయి. అప్పుడు ఫోటో ఏదన్నా అని అడుగుతుంది, అదొకటే అడిగింది అది, ఆస్తి అడగలేదు, అమ్మ నగ అడగలేదు, అమ్మ నిద్రపోతోందా అని కూడా అడగలేదు.

"మే. ఆ కన్ను నొక్కు."

"యా కన్ను?"

"ఆ పురుగు పేరు పక్కనుండేది."

మహిత నన్ను చూసింది, నొక్కింది. సీతాకోకచిలుక పోయింది. జడకూ బొమ్మకూ పైన తెల్లటి గుండ్రం. గోడ మీద ఉన్నా నలభై ఎనిమిదేళ్ళుగా దాని వంక చూడలేదు. ఇంత చిన్నదా అనిపించింది.

"అది చెద గాదు" అన్నాను.

"తెలుసు అవ్వా. ఈ పాత ఫోటోను ఫోనుతో తీసుకున్న రోజే తెలుసు. చెద ఇంత గుండ్రంగా తింటాదా యాడన్నా?"

"మరి అడగలేదే?"

"ఈ ఇంట్లో అడిగితే ఎవురన్నా చెప్తారా ఏమన్నా? గమ్మునుండు అంటారు. అందుకే గమ్మున సీతాకోకచిలుకను పెట్టేసినా."

కళ్ళజోడు పెట్టె మూత తెరిచాను. గుడ్డ ఎత్తడానికి గోరు పట్టలేదు, మూడుసార్లు జారింది. ముక్కను అరచేతిలో పెట్టి చాపాను. మహిత దాని మీదికి వంగింది.

"చిన్నవ్వా ఇది?" అంది. తర్వాత, "ఎవురు కోసింది?"

నాయన పొయ్యిలో వేస్తానన్నాడని, నేనే ఆపానని, ఎప్పటి నుంచో కూర్చి పెట్టుకున్న జవాబు ఒకటి ఉంది. అది రాలేదు. "నేనే" అన్నాను.

ఎందుకు అంటుందని చూశాను. అనలేదు. ముక్కను తెల్లకాగితం మీద పెట్టి ఫోనుతో ఫోటో తీసింది. మొహం తెర మీదికి వచ్చింది, మొదట ఆవు పక్కన పడింది, తర్వాత ఆకుల మీదుగా జారి గుండ్రం దగ్గరికి వచ్చింది. ఒకసారి తలకిందులైంది, పక్కకు వాలింది, మహిత దాన్ని మెల్లగా తిప్పుతూ పాపిడిని జడకు కలిపింది. మెడ కలిసింది. కానీ రంగు కలవలేదు. గోడ మీది ఫోటో ఎండకు పసుపెక్కి వెలిసిపోయింది, చీకట్లో దాచిన మొహం మాత్రం నల్లగా, నిన్న దిగినట్టు ఉంది. చుట్టూ బ్లేడు గీత స్పష్టంగా తెలుస్తోంది.

"రెండు నిమిషాలు ఆగు అవ్వా, రంగు ఒకటి చేసి గీత కలిపేస్తా. ఎవురికీ తెలీదు."

"వద్దు."

"గీత కనపడతాది."

"కనపడనీ. ఆయమ్మ అడుగుతాది. నేనే చెప్తాను."

"తాత ముందరా?"

"అందరి ముందరా." అన్నాను. ఆదివారం నోరు పెగులుతుందో లేదో తెలియదు, గీత అచ్చయితే పెగలక తప్పదు.

మహిత తెర పక్కన బొమ్మల పోగులో ఉన్న సీతాకోకచిలుకను చూపించింది. "అయితే దీన్ని తీసేసేదా? ఇంత బాగుండాదే."

"నా మొగం మింద పెట్టు" అన్నాను. ఎగతాళికి అనలేదు. ఆ పచ్చతలుపు పక్కన కొత్త చీరలో గడ్డం ఎత్తుకుని కెమెరాను చూస్తున్న ఆ పిల్ల మొహం నాకు అక్కర్లేదు. "పెట్టు మే. రెక్కలు పెద్దవి చేసి పెట్టు."

మహిత నవ్వింది. "అట్ల పెడితే చిన్నవ్వ ఎవురిని సూసేది అవ్వా?"

కళ్ళజోడు పెట్టుకున్నాను. పచ్చతలుపు నా వెనకాల ఉంది. తలుపుకూ నాగరత్నకూ మధ్య నేను ఉన్నాను, వారంలో ఇల్లు వదిలిపోయేదాన్ని, ఆ సంగతి ఇన్నేళ్ళూ ఆ గుండ్రటి ముక్కలో ఎక్కడా లేదు. అది తలుపును చూడటం లేదు. అన్న కెమెరాను చూస్తున్నాడు, నేను కెమెరాను చూస్తున్నాను, బొమ్మను రొమ్ముకు ఆనించుకుని, తల కాస్త వంచి, అది నన్ను చూస్తోంది.

"నాలుగు కావస్తా ఉండాది. పంపేదా?"

"ఉండు మే" అన్నాను. "ఇంకొక్క నిమిషం ఉండు."